తలుపు దగ్గరి మంచం

సుజాత బాపూ,

నన్నూ బిడ్డనూ వదిలి నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. పోయిన నెల మన లాల్‌పేట్‌లో పాత గని మీద నేల కుంగింది. మన ఇంటికీ రాజవ్వ ఇంటికీ మధ్య గోడ కూలింది. షిఫ్టు దిగి వచ్చి ఆ గోడ పక్కన పడుకున్న రాజవ్వ కొడుకు మళ్లీ లేవలేదు.

అక్కడ నేల కుంగుతుందని సర్కారుకు ముందే తెలుసా అని రాజవ్వ కొత్త సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టింది. జవాబు కోసం నిన్న ఇద్దరం నువ్వు చప్రాసీగా చేసిన ఆఫీసుకే వెళ్లాం.

"నిర్ణయం కాగితం ఇస్తనవ్వా. మీటింగ్‌ల సాహెబులు ఏం మాట్లాడుకున్నరో గది గోప్యం. కొత్త కానూన్ల గూడ ఇయ్యరాదు," అన్నాడు గుమాస్తా.

నువ్వున్నప్పటి మీటింగ్‌లో పాత గని మీది ఇళ్ల విషయం వాయిదా పడిందని మాత్రం ఆ కాగితంలో ఉంది.

ఆ మీటింగ్‌కు చాయ్ మోసింది నువ్వే. ఆ సాయంత్రం ఇంటికి వచ్చీ రాగానే మన మంచాన్ని ఆ గోడ దగ్గర నుంచి తలుపు దగ్గరికి జరిపావు. ఎందుకని అడిగితే, "సర్కారు ముచ్చట ఇంట్ల చెప్పద్దు," అన్నావు. ఎంత నమ్మకస్తుడివో అని మురిసిపోయాను. రాజవ్వా, నీ మంచం కూడా జరుపుకో అని ఒక్క మాట అంటే నీ నోరు పడిపోయేదా?

తిరిగి వస్తుంటే రాజవ్వ అడిగింది. "మీ ఆయన గా ఆఫీసులనే ఉండె గదనే. నీకేమన్న చెప్పిండా?"

"ఏం చెప్పలే," అన్నాను.

అది అబద్ధం కాదు. మంచం సంగతి ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.