కొల్లేట్లో మలబారు మేష్టారు

ఏలూరు, ఆదివారం రాత్రి

మలబారు నుంచి మా బడికి కొత్తగా వచ్చిన భూగోళం మేష్టారు కురుప్పుగారిని నిన్న కొల్లేటికోట చూసిరమ్మని పంపింది నేనే. సాయంత్రం గాలివాన పట్టుకుంది. పడవ తిరిగి రాలేదు. భాష రాని మనిషి, వాళ్లమ్మకి నేనేమని జాబు రాయను? రాత్రంతా కునుకు లేదు.

పొద్దున్నే కాలవ రేవుకి పరుగెత్తాను. పడవ వస్తోంది. గెడ వేస్తున్నది కురుప్పుగారే! పడవ నడిపే వెంకన్న చేతికి కట్టుతో కూర్చున్నాడు.

"తెరచాప కొయ్య విరిగి చేతిమీద పడిందండీ. ఈయనే గెడ అందుకుని దగ్గరి లంకకి చేర్చారండీ, రాత్రి అక్కడే తలదాచుకున్నామండీ. తెలుగు రాకపోతేనేమండీ, నీళ్ల సంగతి మాకంటే బాగా తెలుసండీ!"

"మా ఇల్లు కూడా నీళ్లలోనే," అన్నారాయన వచ్చీరాని తెలుగులో.

నా గుండె కుదుటపడింది. పటంలో ఆ మలబారు తీరమెక్కడ, మా కొల్లేరెక్కడ!

వెంకన్న చెయ్యి అతికేదాకా ఆదివారాలు అతని పడవ కురుప్పుగారే నడుపుతారట. మళ్లీ గాలివాన వస్తేనో... అయినా, సరేనన్నాను.