నీ గొంతుకు తగ్గించిన నాణ్యత

అన్నా,

నువ్వు మస్కట్‌లో చనిపోయి నేటికి ఏడాది. నీ ఫొటోలకు చివరి వాయిస్ మెసేజ్ కలిపి వీడియో చేయమని వదిన అడిగింది. కోరుట్లలో నేను పనిచేసే స్టూడియోలోనే కూర్చుని చేశాను.

మొదట ఆడియో నాణ్యత ఎక్కువ పెట్టి వీడియో ఫైల్ తయారుచేసి, హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. "నేను బాగనే ఉన్న, రంది పెట్టుకోకుండ్రి" అన్నాక నీ ఊపిరిలో పిల్లికూతలు వినిపించాయి. అప్పుడు ఫోన్‌లో మాకెవరికీ వినపడలేదు. మర్నాడే నువ్వు పనిలో కుప్పకూలావు.

నాణ్యత బాగా తగ్గించి ఇంకో ఫైల్ తయారుచేశాను. పిల్లికూతలు పోయాయి. గొంతు కూడా మొద్దుబారింది.

వదిన రెండుసార్లు చూసింది. "మీ అన్న గొంతు గిట్ల లేకుండె గద పిల్లా" అంది.

"వీడియోల గట్లనే వస్తది వదినా" అన్నాను.

మొదటి ఫైల్ ఆమెకు ఇవ్వలేదు. చెరపడానికి చేయి రాలేదు.

నీ చెల్లె