గేటు తట్టని ఆదివారం

దాలిపేట

ప్రియమైన తులసికి,

ఫోను మోగితేనే గుండె దడ పుడుతోంది, అందుకే ఉత్తరం. మన పశువుల ఆస్పత్రి వేళలు కాగితం మీద బాగానే ఉన్నాయి. ఆవులకు ఆ కాగితం ఎవరు చదివి వినిపిస్తారు? మండలమంతటికీ డాక్టర్ని నేనొక్కదాన్నే. రాత్రీ లేదు, ఆదివారమూ లేదు. నిన్న మా సర్పంచి గణపతిరావు గారి ఎద్దుకు సూది వేస్తూ, నిలబడే కునుకు తీశానట! వెళ్లి కుడితి గోలెంలో పడ్డాను. ఊరంతా చూసింది.

నిద్రమొహం,
నీ అరుణశ్రీ

పొందూరు

ఒసే అరుణా,

చదివి హడలిపోయాను. ఆ ఎద్దు తన్ని ఉంటే? రేపే వేళల బోర్డు రాయించి గేటుకు కట్టు. ఆదివారం ఫోను ఆపేసి పడుకో. పక్క మండలంలో నేను చేస్తున్నదదే. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని ఊరికే అన్నారా?

నీ మేలు కోరే,
తులసి

దాలిపేట

బంగారు తులసికి,

నీ బోర్డు మహిమ నమ్మలేకపోతున్నాను! వేళ దాటితే ఒక్కరూ రావడం లేదు. మేక తుమ్మితే చాలు తలుపు బాదే దాలయ్య కూడా, నేను ఎదురుపడితే తప్పుకుపోతున్నాడు. జనానికి రూలు చెబితే అర్థమవుతుందే, చెప్పనిది మనమే.

ఒళ్లెరగకుండా నిద్రపోతున్న,
అరుణ

దాలిపేట

తులసీ,

ఇది చివరిదాకా చదువు.

నిన్న ఆదివారం భోంచేసి కిటికీలోంచి చూస్తే, మా ఊరి ముసలామె కూర్మమ్మ మా గేటు పక్క నీడలో కూర్చుని ఉంది. పొలం నుంచి వస్తూ అలుపు తీర్చుకుంటోందనుకుని పడుకున్నాను. లేచి చూస్తే ఇంకా అక్కడే ఉంది. వెళ్లి ఏమిటని అడిగాను.

"మా ఆవు ఈనలేకపోతన్నాదమ్మా. దూడ అడ్డం తిరిగింది."

"మరి గేటు తట్టలేదేం?"

"మీరు పడిపోయినారని, మీరు ఊర్లో లేని ఏల సూసి గణపతిరావు బాబు దండోరా ఏయించినారు కదమ్మా. డాక్టరమ్మ నిద్దర సెడగొడితే తప్పు కట్టాలట. ఎప్పుడు లెగుస్తారా అని సూస్తన్నాను."

బోర్డు కాదే, వాళ్ల ప్రేమ! మందుల సంచీ అందుకున్నాను. ఆమె పాకకు పరుగెత్తాను. దూడ అప్పటికే కడుపులో పోయింది. కాసేపటికి ఆవు నా చేతుల్లోనే పోయింది. కూర్మమ్మకు ఉన్నది అదొక్కటే. ఏడుస్తూనే నా చెయ్యి పట్టుకుని, "పోనీలెండమ్మా, మీరైనా కంటినిండా నిద్దరోయినారు" అంది.

తిట్టినా బాగుండేది తులసీ.

బోర్డు తీయను. కునుకుపాట్లు పడుతూ సూది పట్టుకోవడమూ తప్పే. దాని కింద ఇంకో వరుస రాయించాను. వేళ దాటాక రెండు మండలాలకూ ఒక వారం నేను, ఒక వారం నువ్వు. నిన్ను అడగలేదు. గణపతిరావు గారితో మళ్లీ దండోరా వేయించాను, ఈసారి గేటు తట్టమని.

వచ్చే వారం నీది. ఫోను ఆపకు.

నీ
అరుణ