మూడు వాతలు

కొత్తగూడెం,
12-8-1996

పగిడయ్య బావగారికి,

మీ ఉత్తరం అందింది. మీ కళ్లు పచ్చబడ్డాయని, నన్ను బతికించిన హైదరాబాదు డాక్టరు అడ్రసు పంపమని రాశారు.

నిరుడు నా కళ్లు పచ్చబడి భద్రాచలం బస్సెక్కబోతే, "కామెర్లకు దవాఖానా ఏంది? మనింట్ల ఎవలన్న పోయిండ్రా?" అని వెనక్కి లాక్కొచ్చారు. కొడవలి కొన ఎర్రగా కాల్చి, మూడు ఆదివారాలు నా మణికట్టుకు మూడు వాతలు పెట్టారు. నేను కదలకుండా మీ తమ్ముడి చేతే పట్టించారు. మూడో వాతకీ తగ్గకపోతేనే హైదరాబాదు చేరాను.

భయపడకండి, అక్కడ కోత ఉండదు. నోట్లోంచి సన్నని గొట్టం దింపి, పైత్యం పోయే దారిలో ఇరుక్కున్న రాళ్లను తీస్తారు. నావి నాలుగు, కందిగింజలంత. ఇంకో వారం ఆగితే బతికేదాన్ని కాదట.

వాతలు చూసి డాక్టరుగారు, "ఎవరు పెట్టారమ్మా?" అన్నారు. మీ పేరూ ఊరూ చెప్పాను. నా కాగితాల్లో రాసుకుని, "ఆ మనిషిని ఒక్కసారి చూడాలి" అన్నారు.

మీకూ ముందు మూడు వాతలు పెట్టించుకోమని రాద్దామనుకున్నాను. కానీ వాత మానిపోతుంది.

అడ్రసు వెనక రాశాను. జల్దీ వెళ్లండి. అక్కడ పేరు మార్చి చెప్పే పని పెట్టుకోకండి. మీరొస్తున్నారని ఆయనకు నిన్ననే కార్డు రాశాను.

మీ మరదలు