త్వరగా ముగిసిన ఆట

ఆదివారం, హామిల్టన్

పక్కింటి లిన్ అంకుల్ భార్య పోయినప్పటి నుంచి గది వదిలి రావడం లేదు. పొద్దున ఆయన కూతురు నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి అడిగింది. "రమేష్, మధ్యాహ్నం దాకా నాన్నతో చైనా చదరంగం ఆడతావా? ఆయన్ని కూర్చోబెడితే నేను కాస్త పడుకుంటాను."

ఆయన వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. "నీకు గుర్రం నడక నేర్పింది నేనే, మర్చిపోకు" అని నవ్వాడు కూడా.

వారమంతా నేను ఫోన్లో చూసింది ఒకటే, అతి తక్కువ ఎత్తుల్లో రాజును కట్టేయడం ఎలాగని. రెండు ఫిరంగి పావులను ఒకదాని వెనక ఒకటి నిలిపాను. నాలుగైదు ఎత్తుల్లోనే ఆయన రాజుకు కదిలే చోటు లేకుండా పోయింది. "అయిపోయింది అంకుల్" అన్నాను, గొప్పగా.

"బాగా నేర్చుకున్నావు" అని లేచి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఇంకో ఆట ఆడదామని పిలిచాను. రాలేదు. ఆ అమ్మాయి నన్ను పిలిచింది గెలవడానికి కాదు కదా.

పావులు సర్దుకుని ఒక్కడినే కూర్చున్నాను. మధ్యాహ్నం ఆమె లేచి వచ్చి, ఎన్ని ఆటలు ఆడారని అడిగింది. చాలా ఆడామన్నాను.

"చాలా ఆడాం" అన్నాడాయన తలుపు వెనక నుంచి.

ఆమె నాకు థాంక్స్ చెప్పింది.