మేక, కడుపు ఉబ్బరం, కయత్తారు

అక్కా,

ఈరోజు వాన లేదు, గాలి ఎక్కువ. నేను మినుములు నూర్చుతుండగా నీ సూడి మేక నానిన జొన్నలు తినేసి పడిపోయింది. కడుపు డోలులా ఉబ్బింది. ఇదివరకైతే నీకు మెసేజ్ పెట్టేదాన్ని. ఆ అలవాటుతో ఫోను సెర్చ్‌లోనూ తమిళంలో అలాగే రాశాను: "అక్కా, మేక లేవడం లేదు, కడుపు ఉబ్బింది, ఏమి పోయాలి?" మేక కూర వండే వీడియోలు వచ్చాయి.

నీ మొదటి తద్దినానికి వచ్చిన నీ కూతురు సెల్వి అది చూసి నవ్వింది.

"సిన్నమ్మా, ఫోను నీకు అక్కనా? దానికి కత సెప్పొద్దు. మూడు మాటలు పెట్టు, సాలు."

ముందు 'అక్కా' అన్నది తుడిచేసింది. మేక, కడుపు ఉబ్బరం, వైద్యం అని పెట్టింది. మందులు అమ్మేవాళ్ళవి వదిలేసి, పశువైద్య కాలేజీవాళ్ళు రాసింది తెరిచింది. పడుకున్న మేకకు బలవంతంగా ఏదీ పోయవద్దని అందులో ఉంది. దానికి పోద్దామని పట్టుకున్న నూనె గ్లాసు కింద పెట్టాను. పశువుల డాక్టరు అన్న మాట పక్కన మన ఊరు కయత్తారు అని చేర్చితే నంబరు దొరికింది.

డాక్టరు వచ్చి గొట్టంతో గాలి తీశాడు. మేక లేచింది.

డాక్టరు మూడింటికి వెళ్ళాడు. సెల్వి ఐదింటి బస్సుకు శివకాశి వెళ్ళింది. తను తుడిచేసిన 'అక్కా' మళ్ళీ ముందు పెట్టి, ఇప్పుడు నీకు ఇది రాస్తున్నాను.