సుగుణను పంపను

చందానగర్,
18 ఏప్రిల్ 1974

అన్నా,

నమస్కారం రాయడానికి చేయి రావడం లేదు. సెలవులకు సుగుణను మళ్లీ పుప్పాలగూడకు పంపమని కబురు పెట్టావు. పంపను.

నీ మేనకోడలికి చిన్నప్పటి నుంచీ నీళ్లంటే, కొత్త మనుషులంటే గుండెదడ. అది తెలిసే పోయిన ఎండాకాలం "బాయిల వడితే భయం పోతది" అంటూ ఏడేళ్ల పిల్లను బావిలోకి విసిరావు. వెంటనే దూకి బయటికి తెచ్చింది నువ్వే, ఒప్పుకుంటాను. గట్టు మీద నిలబడి నవ్విందీ నువ్వే.

ఆ తర్వాత నాలుగు నెలలు ఒంటి మీద చెంబెడు నీళ్లు పోయనివ్వలేదు. మొదట్లో నేనూ కొట్టాను. ఆ తప్పు నాది. కొట్టడం మానేసి పక్కన కూర్చున్నాక, పాదాల మీద కొన్ని, తర్వాత మోకాళ్ల దాకా, తనే పోసుకోవడం మొదలుపెట్టింది. మొన్న ఉగాదికి తలస్నానం చేసింది.

నీ కబురు విన్నప్పటి నుంచి మళ్లీ మంచం కిందే ఉంటోంది.

"మామ వస్తడా అమ్మా?" అని అడిగింది.

"రాడు బిడ్డా" అన్నాను.

నా మాట అబద్ధం చేయకు. వచ్చావంటే వాడంతా చూస్తున్నా సరే, తలుపు తీయను.

నీ చెల్లెలు